మేడ మీది శంఖం

ఆ రోజుల్లో నాకు లోకజ్ఞానం ఎక్కువని మా గాజువాకలో మంచి పేరుండేది. ఆ పేరు పెట్టుకున్నదీ నేనే, నలుగురికీ చెప్పుకున్నదీ నేనే. తొమ్మిదో తరగతితో బడికి నమస్కారం పెట్టేసి (ఆ ఒక్క తరగతిలోనే మూడేళ్లు కూర్చున్నాను గనక, చదువు తక్కువైందని ఎవరూ అనడానికి లేదు) పోర్టులో క్రేన్లకు గ్రీజు పెట్టే పనిలో చేరాను. చేతులెలా ఉన్నా నోటికి మాత్రం ఖాళీ ఉండేది కాదు. టీ కొట్టు దగ్గర నేనొక మాటంటే పదిమంది గ్లాసులు పక్కన పెట్టి నవ్వేవారు. అలాంటి నన్ను మా మేస్త్రి బెంగాల్లోని హల్దియా రేవుకు పంపించాడు. ఎనిమిది నెలల పని. మధ్యలో పారిపోయి వస్తే విశాఖ పోర్టు గేటు లోపలికి మళ్లీ తీసుకెళ్లేది లేదని ముందే చెప్పాడు. నేనేమిటి, పారిపోవడమేమిటి అని నవ్వాను.

నా దగ్గరున్న సరుకంతా తెలుగులోనే ఉందని హల్దియాలో దిగిన రెండో రోజుకే తెలిసిపోయింది. నాకొచ్చిన హిందీతో బస్సెక్కొచ్చు, దిగొచ్చు, మహా అయితే అన్నంలోకి ఉప్పు అడగొచ్చు. జోకు వెయ్యడానికి చాలదు. ఒకసారి ధైర్యం చేసి వేశాను. పక్కవాడు జాలిపడి మందుల షాపు ఎటువైపో చూపించాడు. పొద్దున్నే వెళితే చీకటిపడ్డాక గదికి చేరడం, ఆదివారాలు కూడా డ్యూటీ. గదిలో నా మాటలు వినేది టేబుల్ ఫ్యాను ఒక్కటే. అది కూడా, నేనేం చెప్పినా తల అడ్డంగానే ఊపేది. మేడ మీద ఉండే ఓనరు తాతగారి దగ్గు వినిపిస్తే తెల్లారినట్టు. నేను కుళాయి దగ్గర మొహం కడుక్కుంటుంటే ఆయన పైనుంచి వంగి ‘ఖేయేఛో?’ అని అరిచేవాడు. నీళ్లు వృథా చేస్తున్నానని తిడుతున్నాడనుకుని గబగబా కుళాయి కట్టేసి లోపలికి దూరేవాణ్ని. ఆరు వారాల్లో మా ఇద్దరి మధ్య నడిచిన సంభాషణ అంతే. ఏడో వారానికి ఇక నావల్ల కాదనిపించింది. ఆదివారం రైలుకి వెళ్లిపోదామని, మేస్త్రి గేటు మూస్తే మూసుకోనీ అని, బ్యాగు సర్దేశాను.

ఆ శుక్రవారం తెల్లవారినా దగ్గు వినిపించలేదు. పాపం పడుకున్నాడేమో అనుకుని పనికి పోయాను. గాలివాన వచ్చి క్రేన్లు ఆపేయడంతో, ఆరు వారాల్లో మొదటిసారిగా దీపాల వేళకి గదిలో ఉన్నాను. అప్పుడు మోగింది, మేడ మీద శంఖం. మా గాజువాకలో శంఖం మోగిందంటే అర్థం ఒక్కటే. పాడె ముందు జంగం దేవర శంఖం ఊదుతూ, గంట కొడుతూ నడుస్తాడు. ఆ చప్పుడు వింటే మా అమ్మ పొయ్యి మీది గిన్నె కూడా వదిలేసి వచ్చి వీధి తలుపు మూసేది. ఇంతలో పైన ఆడవాళ్లంతా ఒక్కసారిగా నాలుకలాడిస్తూ ‘ఉలులులు’ అని గొంతెత్తారు. బయటికొచ్చి చూస్తే మెట్ల కింద ఇరవై జతల చెప్పులు. ఇక అనుమానమేముంది? మా బావకి (అక్క మొగుడు, చావుపనుల్లో గట్టివాడు) ఫోన్ చేశాను.

“ఓనరు తాత పోయాడు బావా. ఈళ్ల బాస నాకు రాదు. ఎల్లి ఏటనాల?”

“ఏడుపుకి బాసేటి బావా? పూలదండొకటట్టుకెల్లి, పెద్దావిడ కాల్ల కాడ కూకుని గట్టిగా ఏడు. తెలుగులో ఏడిస్తే వొద్దంటారేటి?”

సందు చివర తెల్లపూల దండ కొన్నాను. అమ్మేవాడు హుషారుగా ‘పెళ్లా?’ అని అడిగితే, వీళ్లకు చావంటే ఇంత తేలికా అనుకున్నాను. భుజాన తువ్వాలు వేసుకుని మెట్లెక్కి, కళ్లకు ఎదురుగా కనిపించిన ముసలావిడ కాళ్ల దగ్గర కూలబడి, “ఎంత మంచోడమ్మా, రోజూ పలకరించేవోడు” అని మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే మొదటి రెండు ఏడుపులూ మర్యాద కోసమే. మూడోది నిజం ఏడుపే. ఆరు వారాలుగా ఫ్యానుకి తప్ప ఎవరికీ చెప్పని తెలుగంతా బయటికొచ్చింది. బస్సెక్కించేటప్పుడు మా అమ్మ కిటికీ ఊచ పట్టుకుని వదలకపోవడం, ఒక్కణ్నే కూర్చుని తినే చల్లారిన అన్నం, నా పేరు ఎవరూ పిలవక అదెలా వినిపిస్తుందో మరిచిపోవడం, అన్నీ ఆవిడ చీర కుచ్చెళ్లకి చెప్పుకున్నాను. ఆవిడ నా తల మీద చెయ్యి వేసి ఉంచింది.

లోపలి గదిలోంచి పసిబిడ్డని ఎత్తుకుని ఒక పెద్దాయన వచ్చి నన్నూ, దండనూ మార్చి మార్చి చూశాడు. పోయినాయన తమ్ముడేమో, అచ్చం అలాగే ఉన్నాడే అనుకుంటున్నాను. అంతలో ఆయన దగ్గాడు. ఆ దగ్గు నాకు బాగా తెలుసు.

హిందీ తెలిసిన వాళ్లమ్మాయి సంగతి చెప్పింది. పురుడు పోసుకుని బిడ్డతో ఆ పొద్దునే పుట్టింటికి వచ్చింది తనేనట. ఆమెను తీసుకురావడానికి తాతగారు చీకటితోనే స్టేషన్‌కి వెళ్లారు. శంఖం అక్కడ రోజూ సంధ్యవేళ దీపం పెట్టగానే ఊదుతారట; ఆ గొంతెత్తడం శుభం జరిగితే ఆడవాళ్లు చేసేదట. నాకు చచ్చినంత పనైంది (ఆ ఇంట్లో చావుకు దగ్గరగా వచ్చినవాణ్ని ఆ రోజు నేనొక్కణ్నే). వాళ్లమ్మాయి నవ్వు ఆపుకుంటూ దండ తీసుకెళ్లి గుమ్మానికి వేలాడదీసింది. ముసలావిడ గిన్నెడు పాయసం చేతిలో పెట్టి ‘ఖేయేఛో?’ అంది. కుళాయి కోసం లేవబోయాను. తిన్నావా అని అడుగుతోందిరా నాయనా అని వాళ్లమ్మాయి హిందీలో చెప్పాక, పాయసం తినడానికి చాలాసేపు పట్టింది.

ఇప్పుడు నాకు నలభై దాటాయి. ఎనిమిది నెలలూ పూర్తి చేసే వచ్చాను, పోర్టు గేటూ తెరిచే ఉంది. లోకమంతా తెలుసనుకుని, తెల్లపూల దండ పట్టుకుని మెట్లెక్కిన ఆ కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. ఆ పక్కనే కాస్త జాలీ వేస్తుంది, పిలిచి ఒక టీ ఇప్పిద్దామనిపిస్తుంది. నిజానికి ఆ ఆదివారం, వెళ్లిపోతున్నది సిగ్గుతోనో దిగులుతోనో నాకే తెలియకుండా, బ్యాగు భుజానేసుకుని తాళంచెవి ఇచ్చెయ్యడానికి పైకి వెళ్లాను. తాతగారు తాళంచెవి వైపు చూడనైనా చూడలేదు. తన పక్కనున్న కుర్చీ ఇటు లాగి, కూతురిని అడిగి నేర్చుకున్న హిందీ మాటల్ని ఒక్కొక్కటే విడదీసి అన్నాడు:

“ఉన్నవి పన్నెండు మెట్లు బాబూ. అవి ఎక్కడానికి నేను చావాల్సొచ్చిందా?”