డెల్మర్ కుచేరా చేపల అబద్ధం

డెల్మర్ కుచేరా జీవితమంతా ఒకే ఒక్క అబద్ధం ఆడాడు. కాకపోతే రోజుకు పాతికసార్లు ఆడేవాడు.

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఓ నది మీద మనిషెత్తు ఆనకట్ట ఉండేది. దాని కింద జెల్ల చేపలు కిటకిటలాడేవి. ఒడ్డున ఎరల కొట్టు నడిపే లోర్నాకి ఆ సంగతి బాగా తెలుసు. కొట్టు ముందు కుర్చీ వేసుక్కూర్చున్న డెల్మర్ మాత్రం వచ్చినవాళ్లందరికీ ఒకటే చెప్పేవాడు.

"ఆనకట్ట దగ్గరా? ఒక్క తోక కూడా లేదు. కింద వంతెన మలుపుకి పొండి. నిన్న అక్కడ నాలుగడుగుల జెల్ల!"

జూన్‌లో నాలుగడుగులున్న ఆ చేప ఆగస్టుకి తొమ్మిదడుగులయ్యేది.

"పెద్దాయనా, ఇంకో అడుగు పెంచితే నది చాలదు" అనేది లోర్నా.

"అయితే చేప వెడల్పు పెంచుతాలే అమ్మాయ్!"

పంతొమ్మిదివందల డెబ్బై రెండులో, వసంతకాలంలో నది పొంగి ఉన్నప్పుడు లెరాయ్, వెర్న్ అనే అన్నదమ్ములు రేకు పడవతో దిగారు. డెల్మర్ మాట విని లెరాయ్ పకపకా నవ్వాడు.

"ముసలాయన చేపలన్నీ తనకే దాచుకుంటున్నాడురా!"

నేరుగా ఆనకట్ట కిందికే పోయారు. కాసేపటికి లోర్నా కొట్టులోంచి చూసి కొయ్యబారిపోయింది. ఇంజను గీపెడుతోంది, పడవ మాత్రం వెనక్కి పోతోంది. ఆనకట్ట గోడ మీంచి పడ్డ నీళ్లు దాన్ని మళ్లీ గోడ కిందికే లాగుతున్నాయి. కుర్చీ ఖాళీ. డెల్మర్ ఖాళీ డబ్బా కట్టిన తాడు పట్టుకుని ఒడ్డెంట పరిగెడుతున్నాడు.

మొదటిసారి విసిరితే అందలేదు. రెండోసారి వెర్న్ పట్టుకున్నాడు, లెరాయ్ అతన్ని పట్టుకున్నాడు. లోర్నా వచ్చి ఇవతలి కొస చెట్టుకి చుట్టింది. ఇద్దరూ లాగితే అన్నదమ్ములు బురదలోకి వచ్చి పడ్డారు. ఖాళీ పడవ గోడ కిందికి పోయి, రెండు రోజులు అక్కడే పల్టీలు కొట్టింది.

"నిజం చెప్పు తాతా," అన్నాడు లెరాయ్ వణుకుతూ, "అక్కడ చేపలున్నాయా?"

"బోలెడు. ఒకప్పుడు నిజమే చెప్పేవాణ్ణి. మా అబ్బాయి ఒటిస్‌కీ అలాగే చెప్పాను, బాగా పడుతున్నాయి, వెళ్లరా అని. వెళ్లాడు, తిరిగి రాలేదు."

డెల్మర్ తాడు చుట్టుకుంటూ కుర్చీ వైపు నడిచాడు.

ఆ శనివారం పొద్దున్నే లోర్నా చిరుచేపలు పట్టడానికి వంతెన మలుపుకి వెళ్లింది. మోకాటి లోతు నీళ్లలో డెల్మర్! ఉడికించిన మొక్కజొన్న గింజలు దోసిళ్లతో నదిలో జల్లుతున్నాడు.

"ఇదేం పని పెద్దాయనా?"

దొంగలా ఉలిక్కిపడ్డాడు.

"నా మాట నమ్మి ఇంత దూరం వస్తారు కదమ్మాయ్. ఒక్క చేపైనా పడకపోతే పాపం ఏం బాగుంటుంది?"

"ఎన్నాళ్లుగా ఈ మేపుడు?"

"పందొమ్మిదేళ్లు. వెధవ చేపలు తెగ తింటాయి."

లోర్నా చెప్పులు విడిచి నీళ్లలోకి దిగింది.

"కాస్త జరగండి. అంతా ఒక్కచోటే పోస్తున్నారు."