నస్రీన్ కుర్చీలో నేను ఆడిన మూడు ఆటలు

2024 ఎండాకాలం. కామారెడ్డి బస్టాండు వెనుక సందులో మెట్లెక్కి పైకి వస్తే మా గేమింగ్ సెంటర్. ఎనిమిది కంప్యూటర్లు, రెండు కూలర్లు. పెద్ద కూలర్ వేస్తే ఎదురుగా కూర్చున్నవాడి మీసం ఎగిరిపోయి మాచారెడ్డిలో దొరికిందని నేను చెబుతుంటాను. ఆ ఒక్కటీ నమ్మకపోయినా ఫరవాలేదు, మిగతాదంతా నమ్మండి. ఒకప్పుడు ఇదే గదిలో హాల్‌టికెట్లు ప్రింటు తీసి, ఉద్యోగాల ఫారాలు నింపేవాణ్ని. ఆ పనిని ఫోన్లు మింగేశాక ఆటల్లోకి దిగాను. "యాభైకి దగ్గర పడ్డవు, గీ పోరగాండ్ల ఆటలు నీకెందుకే సత్తెన్నా?" అని అడిగేవాళ్లకు నా జవాబు ఒకటే. అది ఆట కాదు, పరీక్ష. ఏ పరీక్షలోనూ లేనంత అన్యాయం ఉన్న పరీక్ష.

తెలియనివారికి రెండు ముక్కల్లో చెబుతాను. అయిదుగురు ఒక పక్క, అయిదుగురు ఇంకో పక్క. ఒక జట్టు బాంబు పెట్టాలి, రెండోది ఆపాలి. కాలక్షేపానికి ఆడితే గెలుపోటములు ఎవరూ పట్టించుకోరు. 'ర్యాంక్‌డ్' అని వేరే గడి ఉంటుంది. అందులో అడుగు పెడితే ప్రతి ఆటా లెక్కే. సీజన్ మొదట్లో అయిదు ఆటలు ఆడించి నిన్ను ఒక మెట్టు మీద నిలబెడతారు, దాన్ని ప్లేస్‌మెంట్ అంటారు. అక్కణ్నుంచి బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, ప్లాటినం, డైమండ్ అని ఎక్కుతూ పోవాలి. గెలిస్తే పాయింట్లు వస్తాయి, ఓడితే పోతాయి. నువ్వు ఒక్కడివే నలుగురి పని చేసినా జట్టు ఓడిందా, నీ పాయింట్లూ పోతాయి. ఆ నలుగురూ ఎవరో నీకు తెలియదు, కంపెనీ యంత్రమే ఏరి తెస్తుంది. పైకి కనిపించే ర్యాంకు ఒకటి, కంపెనీ తన కడుపులో దాచుకునే అంకె ఇంకొకటి. నీ పక్కకూ ఎదురుకూ ఎవరు రావాలో ఆ దాచిన అంకే నిర్ణయిస్తుంది. అదెంతో అడిగితే చెప్పరు. మార్కుల మెమో ఇవ్వని పరీక్ష ఎక్కడైనా చూశారా?

ఇంకో రెండు నిబంధనలున్నాయి. ఆట నడుమ లేచి వెళితే 'ఏఎఫ్‌కే' అంటారు, అంటే కీబోర్డు దగ్గర మనిషి లేడని. దానికి పాయింట్లు కోస్తారు, కాసేపు ఆడనివ్వరు. పై మెట్ల మీద ఉన్నవాళ్లు వారం పాటు ఆడకపోతే ర్యాంకు దానంతట అదే కరుగుతుంది. దాన్ని 'డికే' అంటారు.

ఈ ఏఎఫ్‌కే దెబ్బకు మా సెంటర్లో ఒక ఆనవాయితీ పెట్టాను. గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాను కూడా: "ఆట నడుమ కుర్చీ ఖాళీగా ఉండరాదు." ఒకరికి ఇంటి నుంచి ఫోను వస్తుంది, ఇంకొకరికి నమాజు వేళవుతుంది. లేచేవాడు "అన్నా, జర చూస్కో" అంటాడు. పక్కవాడు వచ్చి కూర్చుని మౌస్ పట్టుకుంటాడు. అయిదు నిమిషాల ఆ కావలిని కంపెనీ ఎన్నడూ పట్టుకోలేదు. ఇలాంటి మర్యాద హైదరాబాదులో కూడా లేదని ఊరంతా చాటుకున్నాను.

నస్రీన్‌ది ఎల్లారెడ్డి. ఇరవై రెండేళ్లు. వాళ్ల నాన్నకు అక్కడ గడియారాలు బాగుచేసే దుకాణం ఉంది, తనూ అందులోనే పని చేస్తుంది. శుక్రవారం దుకాణం బందు కాబట్టి పొద్దున బస్సెక్కి మా దగ్గరికి వచ్చి, నాలుగున్నర బస్సుకు వెళ్లిపోయేది. చేతిగడియారంలో ఆవగింజంత స్క్రూ బిగించే చెయ్యి ఆమెది. మౌస్ మీద ఆ చెయ్యి వణకగా నేను చూడలేదు. ఆమె గురి ఎంత సూటిదంటే, తెర మీద ఆమె కాలిస్తే మా గోడకు అవతలి టైలరు సూదిలో దారం ఎక్కేది.

ఆ సీజన్లో హైదరాబాదు జట్టు ఒకటి ఆడవాళ్లకు ఎంపిక పోటీలు పెడుతోందని తెలిసింది. షరతు ఒకటే. సీజన్ ముగిసేనాటికి డైమండ్ మెట్టు మీద ఉండాలి. నస్రీన్ అప్పటికి ప్లాటినంలో ఉంది.

"అయితదా సత్తెన్నా?"

"నువ్వు ఎక్కకపోతే నా మీసం తీపిచ్చుకుంట."

"నీకు మీసమే లేదు గదనే!"

"అందుకే గద ధైర్యంగ అంటున్న."

సరిగ్గా అప్పుడే వాళ్ల నాన్నకు కంటి ఆపరేషన్ అయింది. పెళ్లిళ్ల కాలం, దుకాణం నిండా గడియారాలు. శుక్రవారాలు కూడా దుకాణంలోనే కూర్చోవలసి వచ్చి, మూడు వారాలు ఆ అమ్మాయి రాలేకపోయింది. ఆమె పాస్‌వర్డ్ నా దగ్గర ఉంది, అప్‌డేట్ల కోసం ఇచ్చింది. కొత్త అప్‌డేట్ వచ్చిందంటే మా ఇంటర్నెట్‌కు పూట పడుతుంది, అందుకని ఆమె బస్సు దిగేలోపు నేను తెరిచి ఉంచేవాణ్ని. డికే మొదలవుతుందన్న భయం నాకు పట్టుకుంది. గోడ మీది రాత చూశాను. కుర్చీ ఖాళీగా ఉండరాదు కదా! వారానికి ఒకటి చొప్పున ఆమె పేరు మీద మూడు ఆటలు ఆడాను. ఆమెకు చెప్పలేదు.

నా ఆట సంగతి దాచను. మొదటి ఆటలో శత్రువు కంటే గోడకే ఎక్కువ గుండ్లు తగిలాయి. రెండో దాంట్లో బాంబు పట్టుకుని తప్పిపోయాను. హెడ్‌ఫోన్‌లో ఎవరో తెలుగువాడే, "ఎవడ్రా వీడు, బర్రెలు కాస్తున్నాడా?" అన్నాడు. మూడోది గెలిచాం, నేను మొదట్లోనే చచ్చి కూర్చోవడం వల్ల.

నాలుగో వారం వచ్చి నస్రీన్ తెర చూసింది.

"అన్నా, పాయింట్లు తగ్గినయేంది?"

అక్కడ నిజం చెప్పి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది. నా నోరు ఊరుకుంటుందా? "సర్వర్ తిన్నది బిడ్డా. ఎల్లారెడ్డి రోడ్డుకు జేసీబీతోని తవ్వి కేబుల్ తెంపిన్రు. అతుకు పెట్టంగ నీ పాయింట్లు బీబీపేటల ఎవనికో పోయి పడ్డయంట." ఆమె పకపకా నవ్వి, నిజమేనేమో అనుకుని ఆటకు కూర్చుంది.

రెండు వారాల్లో పోయినవన్నీ సంపాదించింది. సీజన్ చివరి శుక్రవారం, మధ్యాహ్నం మూడింటికి ఆఖరి ఆట. గెలిస్తే డైమండ్. చివరి రౌండులో జట్టులోని నలుగురూ చచ్చి, ఎదురుగా ఇద్దరు మిగిలితే ఇటు ఆమె ఒక్కతే. అలా చచ్చి కూర్చున్న మహానుభావుడొకడు ఆమె గొంతు విన్నప్పటి నుంచి ఒకటే సణుగుడు: "ఆడపిల్లవి నీకెందుకు, పోయి రొట్టెలు చేసుకో."

"చేసినంక నీకు రెండు పంపిస్త గని, జరసేపు నోరు మూస్కో," అంది నస్రీన్. ఒకణ్ని మూల మీద, ఇంకొకణ్ని పొగలో అడుగుల చప్పుడును బట్టి పడగొట్టి, బాంబు తీగ కోసింది. తెర మీద డైమండ్ మెరిసింది. సెంటర్ మొత్తం లేచి నిలబడింది.

చాయ్ తెప్పించి తాగేలోపు తెర మీదికి ఒక ప్రకటన వచ్చింది. ఈ ఖాతాను ఒకరికంటే ఎక్కువ మంది ఆడుతున్నారు, ఈ సీజన్ ర్యాంకు రద్దు.

నా ఒళ్లు మండిపోయింది. బల్ల మీద గుద్దాను. మొనగాళ్లు కొత్త పేరుతో ఖాతా తెరిచి, కింది మెట్ల మీద నేర్చుకుంటున్నవాళ్లను చితక్కొడతారు. స్మర్ఫ్ అని ముద్దుపేరు కూడా ఉంది వాళ్లకు. ఇంకొకరి చేత ఆడించుకుని డైమండ్ తగిలించుకుని తిరిగేవాళ్లూ ఉన్నారు, దాన్ని బూస్టింగ్ అంటారు. వాళ్లెవరినీ పట్టుకోలేని యంత్రం, సొంత చేత్తో ఎక్కిన పిల్లను పట్టుకుందా? ఆ మాటలన్నీ గట్టిగా అరిచాను. అరుస్తున్నంతసేపూ లోపల ఇంకేదో తెలుస్తూనే ఉంది.

నస్రీన్ ఏడవలేదు. అప్పీలు రాయడానికి కూర్చుంది. "ఈ అకౌంట్ మీద నేను తప్ప ఎవలూ ఆడలేదు, అని రాస్తున్న. గంతే గదా అన్నా?" అని నా వైపు తిరిగింది.

"గంతే బిడ్డా," అన్నాను.

మర్నాడు పొద్దున్నే ఆమె ఫోన్. కంపెనీ జవాబిచ్చిందట. మూడు తేదీలు, మూడు ఆటలు రాసి, వీటిలో ఆడిన చెయ్యి మీది కాదు, మీరు మాకు అబద్ధం చెప్పారు అన్నదట. "ఆ తారీకులల్ల నేను దుకాణంల ఉన్న. ఎవలు ఆడిన్రన్నా?"

"వచ్చి చెప్త బిడ్డా," అని ఫోన్ పెట్టేశాను. సెంటర్‌కు తాళం వేసి ఎల్లారెడ్డి బస్సెక్కాను. దుకాణంలో వాళ్ల నాన్న నల్లద్దాలు పెట్టుకుని కుర్చీలో ఉన్నాడు. నస్రీన్ కంటికి భూతద్దం బిగించుకుని ఏదో గడియారం విప్పుతోంది. నిలబడే చెప్పాను, ఏదీ దాచకుండా. జేసీబీ కూడా నా కల్పనే అన్నాను.

ఆమె భూతద్దం తీసింది. "నీ మంచికే ఆడిన అంటవు గద?"

"ఔ బిడ్డా. ర్యాంకు కరుగుతదని..."

"కరిగితే కరుగుతుండె. మల్ల ఎక్కుతుంటి. నాతోని ఒట్టి మాట రాయిచ్చినవు సూడు, గది నేనెట్ల కడుక్కోవాలె?"

వాళ్ల నాన్న మెల్లగా అన్నాడు: "సత్తెన్నా, రిపేర్‌కు ఇచ్చిన గడియారం మేం చేతికి పెట్టుకోం. నడుస్తుందా లేదా చూస్తందుకు గూడ బల్ల మీదనే పెడ్తం. ఎందుకంటే అది మాది గాదు."

అంతే. తిట్టలేదు, చాయ్ కూడా పోశారు.

అక్కడే కూర్చుని కంపెనీకి ఉన్నదున్నట్టు రాశాను, నా పేరుతో. కంపెనీ వారం తర్వాత జవాబిచ్చింది. మీ నిజాయితీకి సంతోషం, నిబంధన నిబంధనే, వచ్చే సీజన్ నుంచి ఆడుకోవచ్చు. ఎంపిక పోటీల జాబితా అప్పటికే మూసేశారు. సాయానికీ దొంగతనానికీ తేడా తెలియని ఆ యంత్రం మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. కానీ ఆమెకు నిజం చెప్పకుండా చేసింది యంత్రం కాదు.

కొత్త సీజన్లో నస్రీన్ మళ్లీ వచ్చింది. మొదట పాస్‌వర్డ్ మార్చుకుంది. ప్లేస్‌మెంట్‌లో గోల్డ్ దగ్గర నిలబెట్టారు. అప్‌డేట్ అయ్యేదాకా తనే కూర్చుని ఎదురుచూస్తుంది, అందుకని ఆమెకు ఆ శుక్రవారం ఒక ఆట తక్కువే పడుతుంది.

ఒక శుక్రవారం ఆట నడుమ కింద నుంచి వాళ్ల నాన్న పిలిచాడు. కామారెడ్డిలో కంటి డాక్టరు దగ్గరికి వచ్చాడు, మందుల చీటీ ఆమె సంచీలో ఉండిపోయింది. ఆమె లేచి దిగింది. పక్క సీటులో అప్పుడే తన ఆట ముగించిన కాలేజీ లెక్చరరు అలవాటు కొద్దీ ఆమె కుర్చీలోకి జరగబోయాడు. భుజం పట్టుకుని ఆపాను. "కూసోండ్రి సారూ, మీ జాగల." ఆ కుర్చీ పక్కనే నిలబడ్డాను. తెర మీద ఆమె మనిషి కదలకుండా నిలబడి గుండ్లు తిన్నాడు. ఆట పోయింది, ఏఎఫ్‌కే పడింది, పాయింట్లు కోశారు. నా చెయ్యి మౌస్ వైపు పోతుంటే వెనక్కి కట్టుకున్నాను.

నస్రీన్ వచ్చి తెర చూసింది, నన్ను చూసింది.

"ఎవలన్న కూసున్నరా అన్నా?"

"ఎవ్వలు కూసోలే బిడ్డా."

హెడ్‌ఫోన్ పెట్టుకుంది. శిక్ష గడువు తీరగానే మళ్లీ ర్యాంక్‌డ్ నొక్కింది. గోడ మీది పాత రాతకు ఆ సాయంత్రమే సున్నం వేయించాను. ఇన్నేళ్లలో నేర్చుకోనిది ఆ ఖాళీ కుర్చీ పక్కన నిలబడ్డ ఆరు నిమిషాల్లోనే నేర్చుకున్నాను. ఒకరి చోటుకు కావలి ఉండడమంటే అందులో ఇంకొకరిని కూర్చోనివ్వకపోవడం, ముందుగా నేను కూర్చోకపోవడం.