ఒకటో నంబరు పలికిన తొమ్మిది రోజులు

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. ఎల్లారెడ్డి దగ్గర మా గడి, అంటే దొరల కోటలాంటి ఇల్లు, పాడుబడ్డాక అందులో ఏదో తిరుగుతుందని ఊరంతా చెప్పుకునేది. పంతానికి ఆ ఖాళీ గడిలో ఒక్కణ్నే పడుకుని వచ్చాను. ఎలుకలు తప్ప ఏమీ లేవు. ఇది చదివేవారు నన్ను పిరికివాడి కింద జమ కట్టకూడదని ముందే చెబుతున్నాను.

తొంభైల చివరి మాట. అప్పటికి భూములు పోయాయి, గడి పోయింది. కామారెడ్డిలో అద్దె ఇంట్లో ఉంటూ పెళ్లి పత్రికలు, కరపత్రాలు కంప్యూటర్లో కూర్చి అచ్చు వేసి ఇచ్చేవాణ్ని. దేశ్‌ముఖుల కొడుకు ఊరివాళ్ల లగ్నపత్రికలు టైపు చేయడమేమిటని నవ్వినవాళ్లు నవ్వారు. నేను ఎవరి ముందూ తల వంచలేదు.

ఇంట్లో మూడు కంప్యూటర్లు ఉండేవి. ఒకటి నాది, ఒకటి నా భార్య సులోచనది, మూడోదానికి ప్రింటరు తగిలించి ఉండేది. మూడింటినీ హబ్ అనే చిన్న పెట్టెకు వైర్లతో కలిపాను. అలా కలిపినప్పుడు ప్రతి యంత్రానికీ ఐపీ అడ్రసు అనే నంబరు ఇవ్వాలి. ముందు భాగం అన్నిటికీ ఒక్కటే, చివరి అంకె మాత్రం దేనిది దానికే. నేను రెండు, మూడు, నాలుగు ఇచ్చాను. ఎందుకలా ఇచ్చానో అప్పుడు ఆలోచించలేదు.

మా గడిలో భోజనం పీటల వెనుక అంచున ఇత్తడి మేకులు ఉండేవి. ఒక మేకు పీట ఇంటి పెద్దవాడిది, రెండు మేకులది ఆ తర్వాతివాడిది. ఒకరి పీట మీద ఇంకొకరు కూర్చోరు. మనిషి ఊళ్లో లేకపోయినా అతని పీట వేసే ఉంచుతారు. నాన్న పోయాక ఒక మేకు పీట మా అన్న రాజేశ్వర్‌ది.

ఆ అన్న నాకు తెలియకుండా గడి పెద్ద దర్వాజను, టేకు తలుపులతో సహా, ఊడదీయించి కట్టె వ్యాపారికి అమ్మాడు. పదిమంది చూస్తుండగా నేనన్నాను: "మల్ల నా గడప తొక్కకు." అన్న చేతిసంచితో బస్సెక్కాడు. పదకొండేళ్లు కబురు లేదు.

అవ్వ, అంటే మా అమ్మ, మాత్రం కామారెడ్డి ఇంట్లోనూ రోజూ ఆ పీట వేసేది. తీసెయ్యమని నేను గట్టిగా చెబితే, "వాడు లేడని కబురొచ్చిన్నాడు తీస్త. అప్పటిదాంక నువ్వు రెండోనివే" అనేది.

ఆ ఎండాకాలం, పెళ్లిళ్ల రోజుల్లో, నా యంత్రం నుంచి ప్రింటరుకు పని వెళ్లడం మానేసింది. రేడియోలు బాగుచేసే రఫీక్‌ను పిలిచాను. హైదరాబాద్‌లో కంప్యూటర్ల పని నేర్చుకుని వచ్చినవాడు. వదులైన వైరు ఒకటి బిగించాడు, ప్రింటరు నడిచింది. తర్వాత నంబర్లు చూసి నవ్వాడు.

"రెండు నుంచి షురూ చేసిన్రేంది సాబ్? ఒకటి ఏం పాపం జేసింది?"

నాకు తల కొట్టేసినట్టయింది. వెంటనే ఒకటి నాకే పెట్టమన్నాను. పెట్టాడు. ఆ నంబరును ఇప్పటికే వేరే యంత్రం వాడుతోందని తెర మీద హెచ్చరిక వచ్చింది.

"మీ ఇంట్ల ఎవరో కిరాయి ఇయ్యకుండ ఉంటున్నరు సాబ్" అన్నాడు రఫీక్.

నాకు మళ్లీ రెండే ఇచ్చి, అక్కడి నుంచి పింగ్ అనే ఆదేశంతో ఒకటో నంబరును పిలిచి చూశాడు. జవాబు వచ్చింది. మిగతా రెండు యంత్రాలు ఆపేశాడు, వచ్చింది. వాటి వైర్లు పీకేశాడు, వచ్చింది. నా వైరు కూడా పీకితే ఆగింది, పెట్టగానే మళ్లీ వచ్చింది. తన దుకాణం నుంచి వేరే హబ్ తెచ్చి పెట్టినా అంతే. ప్రతి యంత్రంలో వైరు తగిలించే కార్డుకూ తయారీలోనే ఒక గుర్తు ఇస్తారు. జవాబిచ్చేదాని గుర్తు మా మూడు కార్డుల్లో దేనితోనూ కలవలేదు. మా గల్లీలో వేరే కంప్యూటరే లేదు.

అలా తొమ్మిది రోజులు. ఉదయం పది ప్రాంతంలో పలకడం మొదలయ్యేది, మధ్యాహ్నం దాటితే ఆగేది. రఫీక్ రోజూ వచ్చి చూసేవాడు. నవ్వడం మానేశాడు.

సులోచన ద్వారా సంగతి అవ్వకు తెలిసింది. అవ్వ వచ్చి రఫీక్‌నే అడిగింది.

"ఒకటో నంబరు పలుకుతున్నదా బిడ్డా?"

"పలుకుతున్నది అవ్వా."

నా వైపు చూసి, "పలికెటోన్ని పలకనియ్యి" అని లోపలికి పోయింది.

ఆ మాట నాకు పడలేదు. తొమ్మిదో రోజు దాన్ని బయటికి నెట్టే ఉపాయం రఫీక్‌ను అడిగాను.

"ఉంచుండ్రి సాబ్, మన పనికి అడ్డమొస్తలేదు గద."

"నేను రానియ్యనోడు నా ఇంట్ల ఉండొద్దు" అన్నాను. ఎవరిని అంటున్నానో నాకు తెలుసు.

సబ్‌నెట్ మాస్క్ అనే సెట్టింగు ఉంటుంది. ఏ నంబర్లు ఒక వాడలోవో అది చెబుతుంది. దాని చివరి సున్నాను నూట ఇరవై ఎనిమిదిగా మారిస్తే వాడ మధ్యలో గోడ కట్టినట్టే. రఫీక్ అలా మార్చి, మా మూడింటికీ గోడకు ఈవల ఉండే పెద్ద నంబర్లు ఇచ్చాడు. ఒకటి ఆవలే మిగిలింది. పిలిస్తే, అక్కడికి చేరలేమని తెర మీద వచ్చింది. రఫీక్ అలవాటు కొద్దీ పని చీటీ మీద వేళ రాశాడు. పదకొండున్నర.

మర్నాడు భిక్నూర్ నుంచి పోలీసు వచ్చాడు. రోడ్డు పక్క ధాబాలో చనిపోయిన మనిషి జేబులో పెళ్లి పత్రిక దొరికింది. నేను అచ్చు వేసిందే. అడుగున మా ఇంటి చిరునామా ఉంది. పోయి చూశాను. అన్నే.

ధాబా యజమాని చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. "తొమ్మిది దినాలాయె వచ్చి. రోజూ పొద్దుగాల కామారెడ్డి బస్సు కాడికి పోతుండె, ఎక్కకుండ ఆడనే నిలవడుతుండె. తమ్ముడు రానిస్తడో రానియ్యడో అనెటోడు. పగటీలి పన్నెండు దాటినంక వాపసొస్తుండె. ఆఖరు దినం మంచంల నుంచి లేవలే." ముందు రోజు ఎన్ని గంటలకు ప్రాణం పోయిందని అడిగాను. గడియారం చూడలేదని, పదకొండు దాటిందని, పన్నెండు కాలేదని చెప్పాడు.

కర్మ నేనే చేశాను. తిరిగొచ్చి మాస్క్ మునుపటిలాగే మార్చి, నా నంబరు రెండు చేసి, ఒకటిని పిలిచాను. జవాబు లేదు. ఆ తర్వాత చాలా రోజులు, పదింటికి, పదకొండింటికి పిలిచాను. లేదు.

ఆ గుర్తు ఏ కార్డుదో రఫీక్ చెప్పలేకపోయాడు. నేనూ చెప్పలేను. దయ్యం అనడానికి ఇప్పటికీ నా నోరు రాదు. చనిపోయాక పలికి ఉంటే ఏదో ఒక పేరు పెట్టుకునేవాణ్ని. అది పలికినన్నాళ్లూ మనిషి బతికే ఉన్నాడు.

మాస్క్ సంగతి అవ్వకు ఎవరూ చెప్పలేదు. పన్నెండో రోజు దాటాక ఆమె ఒక మేకు పీటను కడిగి, తుడిచి నా ముందు వేసింది.

"ఇగ గిది నీదే. కూసో."

పీట పక్కన నేల మీద కూర్చుని తిన్నాను.