సాయంత్రం క్లాసును బలహీనతల్లో రాయించింది నేనే

ఒక మాట మింగి, దాని మీదే ఇన్నేళ్ళు బతికాను. మింగిన మాట ఎప్పటికో ఒకప్పటికి అరగాలి. ఇది అరగలేదు. వయసు మీదపడే కొద్దీ బరువెక్కింది. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నన్ను ఎరిగినవాళ్ళంతా నా గురించి ఒక కథ నమ్ముతున్నారు. ఆ కథ అబద్ధం.

కథ ఇది. హొసకోటెలో ఐదో తరగతితో బడి మానేసిన ఒక వడ్రంగి, ఎవరి సాయమూ లేకుండా, పుస్తకాలు ముందేసుకుని, సొంతంగా పెద్ద గణితం నేర్చుకున్నాడు. పిల్లల కోసం లెక్కల పుస్తకాలు రాశాడు. పేపర్లవాళ్ళు ఫోటో వేశారు, సభల్లో శాలువాలు కప్పారు. చివరికి బెంగళూరులో ఒక విశ్వవిద్యాలయపు గణిత శాఖ, రాబోయే ఏళ్ళకు తన ప్రణాళిక రాసుకుంటూ, అతన్ని బయటి సభ్యుడిగా పిలిచింది. ఇందులో పుస్తకాలు నిజం. శాలువాలు నిజం. ‘సొంతంగా’ అన్నది అబద్ధం.

నాకు నేర్పిన మనిషి ఉన్నారు. వనజాక్షి మేడమ్. ఆ శాఖలోనే లెక్చరర్.

విరిగిన బెంచీలు బాగుచెయ్యడానికి మేస్త్రితో అక్కడికి వెళ్ళాను. సాయంత్రం క్లాసు నడుస్తోంది. పగలు ఉద్యోగాలు చేసుకునేవాళ్ళ కోసం పెట్టిన క్లాసు. బస్ కండక్టర్లు, నర్సులు, ప్రైవేటు బళ్ళ టీచర్లు, ఆనేకల్‌లో మగ్గం దిగి వచ్చే ఒకాయన. మేడమ్ ఏ సిద్ధాంతాన్నైనా ముందు కన్నడంలో, తర్వాత తెలుగులో చెప్పి, ముఖాలు చూసి, అర్థమైందని తేలాకే ఇంగ్లీషులో బోర్డు మీద రాసేవారు. నేను ఉలి చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాను.

“ఏమప్పా, వాకిట్లో నిలబడుకుంటే సగమే వినబడతాది. లోపలికొచ్చి కూర్చో. ఫీజు అడిగేవాడొస్తే, బెంచీ రిపేరు చేస్తా ఉండాడని చెప్తాలే,” అన్నారు. క్లాసంతా నవ్వింది. నేను కూర్చున్నాను. ఆ తర్వాత కొన్నేళ్ళు కూర్చున్నాను. హాజరులో నా పేరు ఎప్పుడూ లేదు. నేనక్కడ చదివినట్టు రుజువు లేదు. అబద్ధానికి అంతకన్నా ఏం కావాలి?

మొదటిసారి పేపరాయన “మీకు ఎవరు నేర్పారు?” అని అడిగినప్పుడు, ఎవరూ లేరని నేను అన్నానా? అనలేదు. నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వును ఆయన ఒక వాక్యం చేశాడు. మర్నాడు ఫోన్ చేసి దిద్దించవచ్చు. ఎందుకు దిద్దించలేదు? చదవడానికి బాగుంది కనుక. డిగ్రీలవాళ్ళంటే నాకు మొదటినుంచీ మంట. నా బట్టలు చూసి, నా చేతులు చూసి, బెంచీ మీద కూర్చోనివ్వకుండా బెంచీ మోయమన్నవాళ్ళు. వాళ్ళ దయ లేకుండా పైకొచ్చానని అచ్చులో కనబడితే, వాళ్ళందర్నీ చెంప మీద కొట్టినట్టు అనిపించింది. ఆ దెబ్బ ఎవరికి తగిలిందో చూసుకోలేదు.

ప్రణాళిక సమావేశంలో శాఖాధిపతి తెల్లబోర్డు మీద నాలుగు గడులు గీశారు. బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు. కంపెనీల నుంచి కాలేజీలకు వచ్చిన పద్ధతి. ఎవరేం చెప్పినా ఆయన ఏదో ఒక గడిలో వేస్తారు. సాయంత్రానికి ఆ గడులే ప్రణాళిక అవుతాయి. ఒకసారి బలహీనతల్లో పడినదాన్ని ఇక ఎవరూ పైకి లాగరు. మేడమ్ లేచి, సాయంత్రం క్లాసును బలాల్లో రాయించారు. ఆ గదులూ ఆ టీచర్లూ కొత్త డేటా సైన్సు కోర్సుకు కావాలని శాఖాధిపతి లెక్క. ఆయన నా వైపు తిరిగారు.

“మీరు చెప్పండి సార్. ఏ క్లాసూ లేకుండా నేర్చుకున్న మనిషి కదా మీరు.”

మేడమ్ నన్ను చూశారు. కొత్త మనిషిని చూసినట్టు, మర్యాదగా. ఆమె బయటపెట్టేస్తారేమోనని భయపడ్డాను. ఆ భయంలోనే గొంతు పెంచి అన్నాను: “నిజంగా కావాలనుకునేవాడికి క్లాసు అక్కర్లేదు. నేనే సాక్ష్యం.”

చప్పట్లు కొట్టారు. శాఖాధిపతి బలాల్లోంచి అరచేత్తో తుడిచి, బలహీనతల్లో రాశారు. “సారే అంత మాట అన్నాక నేనేం చెప్పేది,” అని మేడమ్ కూర్చున్నారు.

టీ విరామంలో వరండాలో నా పక్కకొచ్చి నిలబడ్డారు.

“బాగా మాట్లాడినావప్పా.” లోపల నేను సార్‌ని. ఇక్కడ మళ్ళీ అప్పా.

“మేడమ్, మీరైనా చెప్పి ఉండొచ్చు కదా, నేను మీ క్లాసులో...”

“నేను చెప్తే నీ మానం పోతాది. నువ్వు చెప్తే నా క్లాసు నిలబడతాది. నాకు కావాల్సింది రెండోది.”

“అందరి ముందరా అనేసినాను. ఇప్పుడెట్లా మేడమ్?”

“లెక్క తప్పుపోతే ఏం చెయ్యమని చెప్పినాను? సుమ్నే, ఊరికే కొట్టేసి మళ్ళీ చెయ్యమనే కదా. బేజారు పడొద్దు. ఇంకా సంతకాలు కాలేదు.” ఒక గుటక తాగి ముఖం చిట్లించారు. “చక్కెర ఎక్కువేసినారు. నీ ఉపన్యాసం మాదిరే ఉండాది.”

లోపలికి వెళ్ళాం. “ఇంకెవరైనా ఏమైనా చెప్పాలా?” అని శాఖాధిపతి అడిగారు. అడిగి, ఆగారు కూడా. నేను బోర్డు వైపు చూశాను. మేడమ్ వైపు చూడలేదు. సంతకం పెట్టాను.

మొదటిసారి భయంతో నోరు జారిందనుకుందాం. రెండోసారి ఏమని సర్దిచెప్పుకోను? తప్పు దిద్దుకునే దారి ఆమే చూపించారు, నన్ను ఒక్క మాట తిట్టకుండా. అయినా నేను కదల్లేదు. ఆమె తిట్టి ఉంటే చెప్పేవాణ్ణేమో. ఏమో. ఇది కూడా తప్పించుకునే మాటే.

మరుసటి ఏడాది సాయంత్రం క్లాసులో ఎవర్నీ చేర్చుకోలేదు. చేరదామని వచ్చి వెనక్కి పోయినవాళ్ళుంటారు. హూడిలో ఏ ఆఫీసు గేటు దగ్గరో కాపలా కాసే మనిషి, ఏ ఆసుపత్రిలోనో డ్యూటీ దిగి వచ్చిన నర్సు. వాళ్ళ ముఖాలు నాకు తెలియవు. తెలియకపోవడమే నాకు సుఖంగా ఉండేది. ఇప్పుడు కోపం వస్తోంది. ‘సొంతంగా పైకొచ్చిన మనిషి’ అంటే ఈ సంస్థలకు ఎందుకంత ముద్దు? అతనికి గది అక్కర్లేదు, టీచరు అక్కర్లేదు, జీతం అక్కర్లేదు. ఒక శాలువా చాలు. ఆ శాలువా కప్పుకుని, నేను ఎక్కి వచ్చిన నిచ్చెనను నా చేతుల్తోనే లాగేశాను. వాళ్ళను తిట్టే హక్కు నాకుందా? లేదు. అయినా తిడతాను. ముందు నన్ను తిట్టుకుని.

మేడమ్ రిటైరయ్యారు. ఆ తర్వాత పోయారు. నా గుట్టు ఎవరికీ చెప్పలేదు.

ఈ మధ్య ఆ శాఖ మళ్ళీ కొత్త ప్రణాళిక రాస్తోంది. సాయంత్రం క్లాసు తిరిగి పెడదామని కొత్తగా చేరిన ఒక లెక్చరరమ్మ పట్టుబడుతోందట. ఆమెకు జవాబుగా నా పాత మాటను చూపిస్తున్నారట. దాన్ని ప్రణాళిక మొదటి పేజీలో వెయ్యడానికి నా అనుమతి అడుగుతూ ఇప్పటి శాఖాధిపతి ఫోన్ చేశారు. ఎంతో గౌరవంగా అడిగారు. వెయ్యొద్దన్నాను. ఎందుకని అడిగితే, వచ్చి అందరి ముందూ చెబుతానన్నాను.

రేపు వెళ్తున్నాను. క్లాసు తిరిగి వస్తుందో లేదో నాకు తెలియదు. నన్ను అసహ్యించుకుంటారా, అసహ్యించుకోనీ. పెద్దమనసుతో వదిలెయ్యాలని చూస్తారా, వదలనివ్వను. క్షమించగలిగిన మనిషి లేరు, కాబట్టి అది అడిగే పనే లేదు. అక్కడ అనబోయే మాట ఒకసారి ఇక్కడ అని చూసుకుంటున్నాను. చాలా చిన్న మాట. ఇది రాశాక, ఎన్నాళ్ళకో, ఊపిరి పూర్తిగా లోపలికి వెళ్తోంది.

నేను వనజాక్షి మేడమ్ క్లాసులో చదువుకున్నాను.