గోడకున్న ప్లగ్గు

“బ్రౌజర్‌ల ప్లగిన్ లేదు అమ్మమ్మా, అందుకే వీడియో వస్తలేదు.”

“కళ్లు కనబడట్లేదా? ప్లగ్గు గోడకే ఉంది. నేనే పెట్టాను.”

“అది కాదు, లోపలిది. ఈ కంప్యూటర్‌ల ఉన్నది లైనక్స్, దీంట్ల మనమే వేసుకోవాలె. పైసల్లేకుండ ఊరికే వస్తదని దీన్ని పెట్టించింది నువ్వే కదా.”

నాది నాలుగో తరగతి చదువు, మనవరాలిది యూనివర్సిటీ చదువు. ఆ వీడియో క్యాంపస్‌లో తను పాడిన పాటది; అది వినాలని నా ఆశ. ప్లగిన్ డౌన్‌లోడ్‌కు పెట్టి, “ముట్టుకోకు” అని చెప్పి, తార్నాకలో బస్సెక్కి హాస్టల్‌కు పోయింది. మనిషి లేని గదిలో కరెంటు దండగని ప్లగ్గు పీకేశాను.

మర్నాడు పొద్దున్నే వచ్చి, సగంలో ఆగిపోయిన డౌన్‌లోడ్‌ను మళ్లీ మొదలుపెట్టింది. ప్లగ్గుకు కాపలాగా నన్నే కూర్చోబెట్టింది. పాట పూర్తిగా విన్నాక, అడిగి మరీ స్విచ్చి ఆపాను.