అయిదు వరసల గీతలు

1972 వేసవి. ఢిల్లీ కంటోన్మెంట్‌లో రేకుల కప్పు బారక్, అందులో ఆరు బల్లలు. అంతకుముందు డిసెంబరులో ముగిసిన యుద్ధంలో పట్టుబడిన పాకిస్తానీ సైనికులు ఇళ్లకు రాసుకునే ఉర్దూ ఉత్తరాలు కొన్ని మా దగ్గరికి వచ్చేవి. నేను బడి గడప తొక్కినదాన్ని కాను. వరంగల్ కోర్టులో గుమాస్తాగా ఉన్న మా నాన్న ఇంట్లోనే ఉర్దూ నేర్పాడు. హవల్దారు భార్యగా ఢిల్లీ వచ్చిన నాకు ఆ చదువే ఉద్యోగం ఇప్పించింది. దేవుడి దయ, నాన్న ఓపిక.

ఆ పనిని సెన్సార్ అంటారు. క్యాంపు ఎక్కడుందో, సైన్యం సంగతులేమిటో ఉత్తరంలో దొర్లితే పట్టుకోవాలి. అనుమానం లేకపోతే ముద్ర; ఉంటే ‘హోల్డ్’ చీటీ, అంటే ఆపమని. చేరిన రోజే మేజర్ గారు జెనీవా ఒప్పందంలోని మాట ఒకటి చెప్పారు: ఖైదీకి ఇంటికి రాసుకునే హక్కుంది, మనం చదవచ్చు గానీ, శిక్షగా ఆపకూడదు.

ఒక సిపాయి తల్లికి రాసిన ఉత్తరం నా చేతికొచ్చింది. ‘ఇదే నా మొదటి ఉత్తరం. బతికే ఉన్నానమ్మా. పంతొమ్మిది రోజులు జ్వరంతో ఒళ్లు తెలియలేదు.’ కింద అయిదు వరసల నిలువు గీతలు. వాటి కింద ఒకే ముక్క: ‘ఇవి మిగిలాయి. వచ్చాక పూర్తి చేస్తాను.’

ఆర్నెల్ల కిందటే కిటికీలకు నల్లకాగితం అంటించుకుని, సైరన్ మోగితే పిల్లల్ని దగ్గరికి లాక్కుని కూర్చున్నవాళ్లం. ఆ భయం ఇంకా పోలేదు. మనుషుల లెక్కో, తుపాకుల లెక్కో అనుకుని హోల్డ్ చీటీ కుట్టేశాను.

మర్నాడు ఉదయం పూజ దగ్గర రామకోటి పుస్తకం తెరిచాను. ఒంట్లో బాగాలేక రాయని రోజులకు అంచున పెన్సిల్ గీతలు పెట్టుకున్నాను, తర్వాత పూర్తి చేద్దామని. వాటిని చూడగానే వరంగల్లో మేం ఖాలా, అంటే పిన్నీ అని పిలుచుకునే పక్కింటావిడ గుర్తుకొచ్చింది. టైఫాయిడ్ నుంచి లేచాక ఆవిడ తప్పిన నమాజులకు గోడ మీద బొగ్గుగీతలు పెట్టుకుని, ఒక్కొక్కటే తీర్చి చెరిపేది. అయిదు పూటలకు అయిదు వరసలు.

మా ఆయనతో చెప్పాను. “నువ్వు రాసిచ్చినవ్, వాళ్లు ఆపిన్రు. ఇగ ఊకో. మేజర్ సాబ్ ముంగట నీ తప్పు నువ్వే ఒప్పుకుంటవా?” అన్నారు.

“ఆ తల్లికి కొడుకున్నడో లేడో తెల్వదండి.”

ఆయన టీ గ్లాసు కింద పెట్టారు. “అయితే జల్ది పో. పదింటికి డాక్ పోతది.”

మేజర్ గారు క్యాంపుకు పంపే కాగితం మీద సంతకం చేయబోతున్నారు. “విచారణ తేలేదాకా వీడి ఉత్తరాలన్నీ బంద్, బెహన్‌జీ. బాగా పట్టుకున్నారు.”

“పట్టుకోలేదు సార్. తప్పు చదివాను. అవి జ్వరంలో తప్పిన నమాజులు.”

“అచ్ఛా. నిన్న కోడ్, ఇవాళ నమాజ్. రేపు వంటల చీటీ అంటారా?”

పక్క బల్లవాళ్లు నవ్వారు. నేను ఉత్తరంలో ఆ మొదటి ముక్క మీద వేలు పెట్టాను. “జ్వరం ఎన్ని రోజులో పైన రాశాడు సార్. ఒక్కో వరసలో గీతలు మీరే చూడండి. నిన్న నేను చూడలేదు.”

ఆయన పెన్సిల్ మొనతో మొదటి వరస లెక్కపెట్టారు. రెండోది. అయిదోది అయ్యేసరికి ఎవరూ నవ్వడం లేదు. అన్నిట్లోనూ పంతొమ్మిదే.

“మీకెలా తెలిసింది?”

“నావీ కొన్ని మిగిలున్నాయి సార్.”

ఆయన చీటీ పీకేసి ఉత్తరం నా ముందుకు తోశారు. “ఠీక్ హై. ముద్ర మీరే వేయండి.”

ఖైదీని మనిషిగా చూడాలని ఎక్కడో పెద్దలు కూర్చుని రాసిన మాట, చివరికి నాలాంటిదాని చేతిలోని ముద్ర దగ్గరికి వచ్చి ఆగుతుంది. నా భయంతో నేను చదివితే ఆ మాట అక్కడే చచ్చిపోతుంది. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, హోల్డ్ రాసే ముందు ఉత్తరాన్ని మొదటినుంచి మళ్లీ చదివాను.

వానాకాలంలో ఆ తల్లి కార్డు వచ్చింది. వచ్చేవీ మేమే చదవాలి. ‘గీతలు అందాయి. లెక్క నా దగ్గర భద్రంగా ఉంది. నువ్వు ముందు కడుపునిండా తిను.’

మనసులో రామా అనుకుని ముద్ర వేశాను.