వదినను పిలవడానికి బంగారుపాళ్యం

మా పాపకు మూడు నెలలు నిండినా ఇంకా పేరు పెట్టలేదు. మా ఇళ్లలో మేనత్తే బిడ్డను ఉయ్యాలలో వేసి పేరు పలకాలి. ఆ మేనత్త, అంటే మా ఆయన అక్క, చాలా ఏళ్లు అడవిలో తుపాకీ పట్టి తిరిగింది. రెండేళ్ల కిందట లొంగిపోయి బయటికి వచ్చి, బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని చేసుకుంటోంది. తిరుపతిలోని మా ఇంటికి ఒక్కసారీ రాలేదు. ఫోన్‌లో పిలిస్తే "చూద్దాంలే" అంటుంది. అందుకే ఆదివారం పాపను ఎత్తుకుని మేమే బయలుదేరాం. నేను ఆమెను చూడడం అదే మొదలు.

పొద్దున్నే రైలెక్కి, పాకాల మీదుగా చిత్తూరులో దిగడానికి రెండు గంటలు పట్టింది. సన్నగా తుంపర పడుతోంది. కిటికీలో గుట్టలు మెల్లగా కరిగి వెనక్కి జారిపోతుంటే, నిద్రపోతున్నది పాపో నేనో తెలియలేదు. చిత్తూరు నుంచి పల్లెవెలుగు బస్సు. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు ఉచితం. బంగారుపాళ్యం దగ్గర తోతాపురి కాయల లారీలు బారులు తీరి ఉన్నాయి. గాలి కూడా పండినట్టే ఉంది. అక్కడి నుంచి ఆటోకు అరవై రూపాయలు.

"అడివిలోనుంచి వచ్చినక్క ఇంటికా?" అన్నాడు ఆటో ఆయన. "మొదట్లో అందరం బయపడినాం లేమ్మా. ఇప్పుడు మా ఆడోళ్లు ఆమె తోడు లేకుండా రాత్రి డ్యూటీకే పోరు."

మామిడి తోట చివర ఒంటి గది, అదే వదిన ఇల్లు. నేను దండం పెట్టబోతే, వదిన నా చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపింది. నాకు సిగ్గేసింది. పాపను చూసింది గానీ ఎత్తుకోలేదు. రాగి సంగటి, పప్పు వడ్డించి, మేం తినడం మొదలుపెట్టగానే లేచి వెళ్లి, మాకు వీపు పెట్టి వాకిట్లో నిలబడింది. మేం రావడం ఇష్టం లేదేమో అనుకున్నాను.

"కూసోని తినక్కా," అన్నాడు మా ఆయన.

"అందరూ ఒకేసారి తినకూడదురా. ఒకరు సెంట్రీ ఉండాల."

"ఈడికి ఎవురొస్తారు? మామిడికాయలొచ్చి నిన్ను పట్టుకపోతాయా?"

"ఎవురూ రారని నాకు తెలుసు. నా కాళ్లకు తెలీదు." ఆమె వెనక్కి తిరగకుండానే అంది. "మీ ఇంటికి రావాలంటే ఇదేరా బయం. బోజనాల బంతిలో నేనిట్ల లేసి నిలబడితే అందరూ నవ్వరా? బిడ్డ పేరు దినం పాడైపోదా?"

నలుగురిలో నోరు విప్పని నేను చెయ్యి కడుక్కుని వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాను.

"నేను చూస్తుంటా వదినా. నువ్వు పోయి తిను."

"ఏం చూడాల్నో నీకేం తెలుసే?"

"నువ్వే చెప్పు."

ఆమె నా ముఖంలోకి చూసి నవ్వింది. "దారి సూడు. ఎవురన్నా వస్తే పిలువు."

వెనక కంచం చప్పుడైంది. తుంపరలో తోటంతా ఊపిరి బిగబట్టినట్టు ఉంది. ఎవరూ రాలేదు. కాసేపటికి పాప ఊ కొట్టడం, దాంతోపాటే వదిన గొంతు వినబడ్డాయి. తిరిగి చూడాలని ఎంతో అనిపించినా చూడలేదు. కాపలా నాది కదా.

బయలుదేరేటప్పుడు వదినే అడిగింది: "ఆ దినం నేను నిలబడితే నువ్వూ నిలబడతావా?"

"నిలబడతా. అందరూ తిన్నాక మనం ఒకరి తర్వాత ఒకరు తిందాం."

"అయితే వస్తా. పేరు నా ఇష్టం, ముందే చెప్తాండా."

లొంగిపోయిన రోజుతోనే అడవి అయిపోతుందని అనుకునేదాన్ని. తిరుగు రైల్లో పాపను ఒళ్లో వేసుకుని, వదిన ఎన్ని పూటలు అలా ఒంటరిగా నిలబడి ఉంటుందో అనుకుంటూ కూర్చున్నాను. మీ వాళ్లెవరైనా అలా తిరిగి వచ్చి ఉంటే, చూడడానికి పగటిపూటే వెళ్లండి. ముందు ఫోన్ చేసి, వాకిలికి దూరంగానే నిలబడి పేరు పెట్టి పిలవండి. చెప్పకుండా తలుపు మాత్రం తట్టకండి; ఆ చప్పుడంటే వాళ్లకు ఇంకా పోలీసులు వచ్చినట్టే.